సందులో కల్లం

కర్నూలులో బయలుదేరి నంద్యాల, ఆళ్ళగడ్డ, కడప, రాయచోటి, చిత్తూరు మీదుగా తమిళనాడులోని రాణిపేట దాకా పోయే రోడ్డులో ఫారూఖ్‌కు తెలియని గుంత ఒక్కటి కూడా లేదు. ఏ గుంతలో ఏ లారీ ఏ టైరు పోగొట్టుకోబోతుందో అతను ముందురోజే చెప్పగలడు. కళ్ళు మూసుకుని స్టీరింగు పట్టుకున్న డ్రైవర్లు, ఫోన్లో ఫారూఖ్ "ఎడమకు, కొంచెం కుడికి, ఇప్పుడు ఊపిరి బిగబట్టు" అంటుండగా క్షేమంగా కడప చేరిన సందర్భాలున్నాయి. ఆ సందర్భాలను ఊరూరా ప్రచారం చేసింది కూడా ఫారూఖే.

సోమవారం పొద్దున అతను ఈ సంగతే ఒక సేలం డ్రైవరుకు ఫోన్లో వివరిస్తూ, మెడలో రెండు లారీ ట్యూబులు దండల్లా వేసుకుని, మోపెడ్ మీద ఎర్రమిట్ట ఊళ్ళోంచి హైవే ఎక్కబోయి, రోడ్డు కింద వాననీళ్ళు పోయే మోరీ మీది గుంతలో పడ్డాడు.

గుంత కొత్తది. ముందురోజు కాంట్రాక్టరు టిప్పర్లు కంకర వేసుకుని తిరిగి తిరిగి మోరీ మీది బండను విరగ్గొట్టాయి. మోపెడ్ ముందు చక్రం ఇరుసు దాకా దిగిపోయింది. ఫారూఖ్ ట్యూబుల మీద పడి, రెండుసార్లు ఎగిరి, మూడోసారికి కూర్చున్నాడు. ఫోన్లోంచి సేలం డ్రైవరు, "లెఫ్టా తంబీ, రైటా?" అని అడుగుతూనే ఉన్నాడు.

రోడ్డుకు అవతల బోండాల హోటలు. ఫారూఖ్ నాయన తల్లి జులేఖా బీ జల్లిగరిటె ఎత్తి నూనె ఓడ్చుకుంటూ ఇదంతా చూసింది. తొందరపడలేదు. బోండాలు తట్టలో బోర్లించి, పొయ్యిలోంచి కట్టె వెనక్కి లాగి, అప్పుడు గొంతెత్తింది. పెళ్ళయినప్పటి నుంచి లారీల మోతను దాటి మాట్లాడిన గొంతు అది.

"ఏమిరా, ఈ గుంత నీకు చెప్పకుండానే వచ్చిందా?"

"నిన్న లేదు జేజీ."

"నిన్న నువ్వూ నేల మీద లేవులే."

పంక్చరు షాపులోంచి మేనమామ ఖాజా మొహిద్దీన్ వచ్చి ముందు మోపెడ్‌ను ఎత్తాడు, తర్వాత ట్యూబులు తడిమి చూశాడు, చివర్న మేనల్లుణ్ణి చూశాడు. షాపు ఆయనది. ఫారూఖ్ ఆయన దగ్గర పని చేస్తున్నాడని ఆయన ఎవరికీ చెప్పడు.

ఎర్రమిట్ట ఆళ్ళగడ్డకూ చాగలమర్రికీ నడుమ ఉంది. ఊరికి ఎదురుగా హైవే డివైడరులో ఒక సందు. ఇళ్ళన్నీ రోడ్డుకు ఇవతల. జులేఖా బీ హోటలు, కృపమణి ఉలవచేను, హైస్కూలు, సాయిబుల గోరీలు, క్రైస్తవుల సమాధులు అవతల. ఆ సందులోంచే పిల్లలు బడికి, మేకలు మేతకు పోతాయి. ఆ సందులోంచే జులేఖా బీ తెల్లారి పాల క్యాను నెత్తిన పెట్టుకుని పోయి, పొద్దు గూకినాక ఖాళీ క్యాను ఊపుకుంటూ వస్తుంది.

మోపెడ్‌ను పక్కకు తీస్తుండగానే సందు దగ్గర జీపు ఆగింది. దిగిన సైట్ ఇంజనీరు శ్రీకాంత్ ముప్పై దాటని మనిషి. మెడలో గుర్తింపు కార్డు, కాళ్ళకు ఇనుప ముక్కు బూట్లు, చేతిలో ఎర్రరంగు స్ప్రే డబ్బా. సందుకు ఈ చివర ఒక గీత, ఆ చివర ఒక గీత కొట్టాడు.

"ఏం చేస్తాండారు సార్?" ఖాజా మొహిద్దీన్ అడిగాడు.

"సందు మూసేస్తున్నాం. శనివారం కాంక్రీటు పోస్తాం."

"మరి మేము దాటేది?"

"ముందుకు పోతే కొత్త యూటర్న్ ఇస్తున్నాం. రెండున్నర కిలోమీటర్లు."

ముందుకు రెండున్నర కిలోమీటర్ల దూరంలో ఊరు లేదు, బడి లేదు, చేను లేదు. కడుతూ ఉన్న డాబా హోటలు ఒకటి ఉంది. మూడంతస్తులు, ముందర రాయచోటి సంత పట్టేంత ఖాళీ జాగా. అది ఎవరిదో ఎర్రమిట్టలో అందరికీ తెలుసు. పేరు మాత్రం ఎవరూ పలకరు, అవసరమైతే గడ్డంతో అటు చూపిస్తారు. ఖాజా మొహిద్దీన్ గడ్డంతో అటు చూపించాడు.

శ్రీకాంత్ డబ్బాకు మూత పెట్టుకుంటూ నేల చూశాడు. "నాకు పైనుంచి వచ్చిన డ్రాయింగు అండీ ఇది. ఇక్కడ ప్రమాదాలు జరుగుతున్నాయని మూయమన్నారు."

అప్పటికే జులేఖా బీ బోండాల ప్లేటు పట్టుకుని రోడ్డు దాటుతోంది. ఆమె దాటే పద్ధతి వేరు. పరుగెత్తదు, చెయ్యి అడ్డం పెట్టదు. వచ్చే లారీ డ్రైవరు మొహంలోకి చూస్తుంది. సిమెంటు లారీ అయినా, రాణిపేట తోళ్ళ లారీ అయినా, ఆ చూపుకు గేరు మార్చుకుంటుంది.

"ఏం ప్రమాదాలప్పా?" అంది వస్తూనే. "ఈ సందులో ఇంతవరకు చచ్చింది నా కోడిపుంజు ఒక్కటే. అదీ వీని మోపెడ్ కింద పడి."

"రూల్ అంటే రూల్ కదా పెద్దమ్మా."

"సరే. పిల్లోళ్ళు నడుస్తారు, నేనూ నడుస్తా. మా గోరీలు ఆ పక్క ఉండాయి. రేపు నేను పోతే నన్ను నలుగురు భుజాన ఎత్తుకుని రెండున్నర కిలోమీటర్లు అట్ల పోయి, యూటర్న్ తీసుకుని, రెండున్నర కిలోమీటర్లు ఇట్ల రావల్లనా? సచ్చినాక కూడా నేను ఆ డాబా చూసి రావల్లనా?"

శ్రీకాంత్ నోరు తెరిచాడు. ఆమె అతని చేతిలో ప్లేటు పెట్టింది.

"తిను. తింటా ఆలోచించు."

అతను తిన్నాడు. మూడు తిన్నాడు. ఆలోచించినట్టు మాత్రం కనబడలేదు.

"పోనీ, ఆ మోరీ గుంతన్నా పూడ్సు. మీ టిప్పర్లు చేసిందే."

"అది మా ఎస్టిమేట్లో లేదండీ," అన్నాడు శ్రీకాంత్, నాలుగో బోండా నములుతూ.

*

మంగళవారం పొద్దున్నే సందు పక్కన ఒక రాయి వెలిసింది.

నల్ల కడపబండ. దాని మీద ఏ భాషకూ పూర్తిగా చెందని అక్షరాలు. తెలుగు అక్షరాలకు తోకలు తగిలించి, చిన్నప్పుడు మదర్సాలో నేర్చి మరిచిన అక్షరాలు మధ్య మధ్య కలిపి, ఫారూఖ్ ఉలితో చెక్కాడు. పైన కాలిన ఇంజనాయిలు పూసి బూడిద రుద్దాడు. పంక్చరు షాపులో ఏ వస్తువుకైనా రెండువందల ఏళ్ళ వయసు రావడానికి అరగంట చాలు.

శ్రీకాంత్ జీపు దిగేసరికి ఫారూఖ్ ఆ రాయి ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇది సందు కాదు సార్," అన్నాడు మెల్లగా. "దర్వాజా."

"ఏం దర్వాజా?"

"కర్నూలు నవాబు ఆర్కాటు నవాబుకు ఏటా మామిడిపండ్లు పంపేటోడు. ఏనుగుల మీద. ఈ రోడ్డు ఎవరూ వేసింది కాదు సార్, ఏనుగులు తొక్కి తొక్కి పడింది. దొరలు వచ్చి తారు పోసి పేరు కొట్టేసినారు. ఈడ ఏనుగులు తిరుగుకొని నీళ్ళకు పోయేటివి. అందుకే ఈ సందు సరిగ్గా ఏనుగంత ఉండాది."

శ్రీకాంత్ సందును చూశాడు. దురదృష్టవశాత్తూ అది నిజంగానే ఏనుగంత ఉంది.

"ఆర్కాటు అంటే..."

"రాణిపేట పక్కనే సార్. మీరు ఈ రోడ్డులో పని చేస్తాండారు, ఇది పోయి పోయి ఆడికే ఎందుకు పోతాదని ఎప్పుడన్నా ఆలోచించినారా?"

శ్రీకాంత్ ఆలోచించలేదు. ఆలోచించనందుకు కొంచెం సిగ్గుపడ్డాడు కూడా. వేరే సైటులో పాతరాయి ఒకటి బయటపడి పని ఆగిపోయిన సంగతి అతనికి గుర్తొచ్చింది. రాయి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఫోన్ తీసి రెండు ఫోటోలు తీసుకున్నాడు. పైవాళ్ళకు చెప్పాలేమో అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

ఫారూఖ్ అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"ఇంకో సంగతి సార్," అన్నాడు. "పండ్లు ఆర్కాటు చేరేసరికి సగం ఏనుగులే తినేసేటివి. దారెంట ఊసిన టెంకలు మొలిచినవే ఇప్పటి చిత్తూరు మామిడితోటలు."

శ్రీకాంత్ ఫోన్ దించాడు. సరిగ్గా అప్పుడే అవతలి పక్క నుంచి కృపమణి సందు దాటి వచ్చింది. చర్చి పక్కింటావిడ. ఉలవచేనులో పొద్దుటి నుంచి పనిచేసి వస్తోంది, కొంగు నిండా ముళ్ళు, నడుముకు కొడవలి.

"ఏమబ్బీ," అంది ఆగి, "మీ జేజి బట్టలుతికే బండ ఈడికెందుకు మోసుకొచ్చినావు? పాపం ఆయమ్మ తెల్లారకముందే ఇల్లంతా వెతికినాది."

ఫారూఖ్ ఏనుగులు వచ్చే దిక్కు చూస్తున్నట్టు కర్నూలు వైపు చూశాడు. శ్రీకాంత్ బూటు ముక్కుతో రాయిని ఒక పక్కకు ఎత్తాడు. అడుగున, కిందటి పంచాయతీ ఎన్నికల్లో ఎవరో అచ్చుకొట్టిన కత్తెర గుర్తు, దాని కింద "మీ అమూల్యమైన ఓటు" అన్న మాటలు శుభ్రంగా ఉన్నాయి.

శ్రీకాంత్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఫోటోలు రెండూ తుడిపేసి, ఖాజా మొహిద్దీన్ షాపు ముందుకు నడిచాడు.

"నిన్న ఆ పెద్దావిడ మాట్లాడితే నేను రాత్రంతా బాధపడ్డాను. పైవాళ్ళను ఒకసారి అడిగి చూద్దామనుకున్నాను. ఇప్పుడు తెలిసింది, మీ ఊళ్ళో అందరూ నాటకాలే." "శనివారం దాకా ఎందుకు? ఎల్లుండి గురువారమే పోసేస్తాం. అప్పుడు ఈ కుర్రాడు ఇక్కడ కనబడితే స్టేషన్లో కూర్చోబెడతాను."

జీపు వెళ్తూ వెళ్తూ మోరీ గుంతలో దిగి, మూలిగి, పైకెక్కి పోయింది. ఎవరూ నవ్వలేదు.

ఖాజా మొహిద్దీన్ మేనల్లుడి వైపు చూడకుండా టైరులోంచి ట్యూబు లాగుతూ, "ఆ మనిషి సగం మనవైపు తిరిగి ఉండెరా," అన్నాడు. "నువ్వు మళ్ళీ అటు తిప్పి పంపిస్తివి."

సాయంత్రం ఫారూఖ్ బండను ఇంటికి మోశాడు. తెచ్చేటప్పుడు అంత బరువు లేదు. ఇంటి ముందర నీళ్ళతొట్టి పక్కన దాని చోట్లో వేశాడు. జులేఖా బీ గడపలో కూర్చుని రేపటి కారానికి ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. తిడుతుందని అతను నిలబడ్డాడు. ఆమె చెక్కిన అక్షరాలను చేత్తో తడిమింది.

"ఇంక దీని మీద రుద్దితే బట్టలు శానా తెల్లగైతాయి," అంది. "గరుకు బాగుండాది."

"జేజీ..."

"అబద్ధం ఎందుకురా? ఈ రోడ్డుకు నిజమే సరిపోయినంత ఉండాది." ఒక తొడిమ తుంచింది. "నేను కాపరానికి వచ్చినప్పుడు మద్రాసు రోడ్డు అంటాంటిమి. రెండు పక్కలా చింతచెట్లు. ఒక లారీ పోయినాక ఇంకోటి రావల్లంటే వాయి బోండాలు వేగిపోయేటివి. తర్వాత పద్దెనిమిదో నెంబరు అన్నారు. ఇప్పుడు నలభై అంటాండారు. నెంబర్లు వాళ్ళవి, వాళ్ళిష్టం. మాకు మాత్రం ఇది కల్లం."

"రోడ్డు కల్లమేంది?"

"ఈ ఊర్లో ఎవరికి సొంత కల్లం ఉండెరా? ఉలవలు, కొర్రలు, సజ్జలు, ఎవరి పంట వాళ్ళు కోసుకొచ్చి తారు మీద పరిస్తే బళ్ళారి లారీలు, మద్రాసు లారీలు తొక్కిపెట్టి పోయేటివి. కూలి అడిగేటివి కాదు. కల్లం కనబడితే ఎంత మొండి డ్రైవరైనా మెల్లగా పోయేటోడు. దిగితే చెప్పులు ఇడిచి దిగేటోడు. ఎవురూ చెప్పే పని లేదు, ఏ రాష్ట్రపోడైనా ఇంట్లో సేద్యం చూసినోడే కదా. నాలుగు వరసలు వేసినాక పరవనియ్యకుండా చేసిరి."

ఆమె చేతిలోని మిరపకాయ తొడిమ తీయకుండానే ఆగిపోయింది.

"కృపమ్మ ఉలవ కోసేసినాదా?"

"వామి కూడా వేసేసింది."

"సరే," అంది జులేఖా బీ, మిగిలిన మిరపకాయలు చేటలోకి తోసి లేస్తూ. "నువ్వు యాడికీ పోకుండా ఇంట్లో ఉండు. నేను చర్చి దాకా పోయొస్తా."

*

బుధవారమంతా ఎర్రమిట్ట ఆడవాళ్ళు ఉలవ మోశారు.

కృపమణి చేను నుంచి సందు దాకా, ఒకరి వెనక ఒకరు, నెత్తిన ఎండిన ఉలవకట్టె మోపులు. నడుస్తుంటే కాయలు గలగలమంటున్నాయి. నూగూ దుమ్మూ మెడల్లోకి రాలితే తలలు విదిలించుకుంటున్నారు. కృపమణి సందులో చీపురుతో తారును మూడుసార్లు ఊడ్చింది. నీళ్ళు చల్లి ఆరనిచ్చి మళ్ళీ ఊడ్చింది. తర్వాత మోపులు విప్పి, ఆ ఎర్రగీత నుంచి ఈ ఎర్రగీత దాకా సమంగా పరిచింది. చేతిలో పంగల కర్ర. ఎక్కడైనా ఎత్తుగా ఉంటే పంగతో లేపి పక్కకు వేస్తోంది.

సందులోంచి తిరుగుకునే ట్రాక్టర్లు, ఆటోలు, దారి తప్పిన కోయిలకుంట్ల బస్సు ఒకటి, దాని మీదుగా పోయాయి. టైర్ల కింద కాయలు చిటచిట పగిలాయి. పోయిన ప్రతి బండి వెనకా ఆమె పంగల కర్రతో తిరగేసింది.

ఫారూఖ్ ఒక మోపు పట్టుకోబోయాడు.

"నువ్వు ముట్టుకోవద్దు నాయనా," అంది కృపమణి. "నువ్వు ముట్టుకుంటే దాంట్లోంచి ఏనుగు వస్తాది."

ఆడవాళ్ళంతా నవ్వారు. అతను షాపులోకి పోయి, పంక్చరు లేని టైరుకు పంక్చరు వెతుకుతూ కూర్చున్నాడు.

సాయంత్రం మామ పానా తుడుచుకుంటూ చెప్పాడు. "రేపు నువ్వు ఈడ ఉండొద్దు. ఆ ఇంజనీరు నిన్ను చూసినాడంటే మళ్ళీ ఆ బండ మాట తెస్తాడు. ఆళ్ళగడ్డకు పో. నంద్యాలకు పో. రాణిపేటకు పోయినా నాకు సంతోషమే."

"నేను పోను మామా."

"ముందర నిలబడతావా?"

"నిలబడతా."

ఖాజా మొహిద్దీన్ పానా పక్కన పెట్టాడు. మేనల్లుడు అన్నమాట మీద నిలబడటం ఆయన ఇంతవరకు చూడలేదు గనుక చూద్దామని ఆసక్తి కలిగి ఉండాలి.

*

గురువారం పొద్దెక్కినాక కాంక్రీటు లారీ వచ్చింది. వీపు మీద పెద్ద పీపా, అది నిలిచి ఉన్నా తిరుగుతూనే ఉంటుంది. వెనక జీపు. జీపులోంచి శ్రీకాంత్, ఇద్దరు కూలీలు, పలకలు, ఇనుప చువ్వలు దిగాయి.

సందు నిండా ఉలవ. సందుకు అటూ ఇటూ ఊరు. అందరికంటే ముందర ఫారూఖ్. చొక్కా పైగుండీ విప్పి, రెండు చేతులూ చాపి, లారీ ముందుభాగానికి మూరెడు దూరంలో కొండలా నిలబడ్డాడు. లారీ డ్రైవరు అతన్ని చూసి బ్రేకు తొక్కాడు. గాలి కూడా ఆగింది.

"ఏంటిది?" అన్నాడు శ్రీకాంత్.

"కల్లం," అంది జులేఖా బీ. ఆమె కాళ్ళు కల్లం అంచున ఉన్నాయి, చెప్పులు లేవు. మడమల దగ్గర పగుళ్ళలో పిండి ఇంకా తెల్లగా ఉంది. హోటలు మూసి రావడం ఆమెకు ఇదే మొదటిసారి.

"రోడ్డు మీద ఇవన్నీ వేయకూడదు. తీసేయండి."

"నువ్వే తీయించు."

శ్రీకాంత్ బూట్లు కూలీల వైపు తిరిగాయి. కూలీల రబ్బరు చెప్పులు ముందుకు కదిలాయి, ఉలవ అంచు దాకా వచ్చాయి, ఆగాయి. ఒక జత చెప్పులు ఇంకో జత వైపు తిరిగింది. రెండూ మళ్ళీ వెనక్కి వచ్చాయి.

"ఏమైంది?"

"నూర్పు కాలేదు సార్," అన్నాడు ఒక కూలీ. "రాశి కొలిచేదాకా కల్లం ఎత్తరు."

"మీది ఈ ఊరా?"

"నందికొట్కూరు సార్."

"మరి నీకేంటి?"

కూలీ చెప్పులు ఇంకో అడుగు వెనక్కి జరిగాయి. నందికొట్కూరులో కూడా రాశి కొలిచేదాకా కల్లం ఎత్తరు. ఈ సంగతి విడమరిచి చెప్పాల్సిన మనిషి తనకు ఎదురవుతాడని అతను ఎప్పుడూ అనుకోలేదు.

"ఈరప్పా," శ్రీకాంత్ లారీ డ్రైవరును పిలిచాడు. "నువ్వు రివర్స్ చెయ్. దాని మీదనే పోసెయ్. ఏమైతే అది అవుతుంది."

ఈరప్ప లారీ దిగాడు. ఆదోని అవతలి మనిషి, భారీ శరీరం. అతని కాళ్ళకు కంపెనీ ఇచ్చిన నల్లబూట్లు. అవి నడిచి నడిచి కల్లం అంచుకు వచ్చాయి.

"పొయ్యప్పా," అంది జులేఖా బీ. బతిమాలుతున్నట్టు లేదు, బెదిరిస్తున్నట్టూ లేదు, టీ పొయ్యమన్నట్టు ఉంది. "గింజల మీద పోసే చెయ్యి అయితే పొయ్యి. మేమెవరం అడ్డం రాము. అమ్మా, అందరూ జరగండి."

ఆడవాళ్ళు జరిగారు. లారీకీ ఉలవకూ మధ్య ఎవరూ లేరు. పీపా తిరుగుతున్న చప్పుడు ఒక్కటే.

నల్లబూట్లు కదల్లేదు. చాలాసేపటికి వాటి మీదికి రెండు లావు చేతులు వంగాయి. కుడి బూటు తాడు విప్పాయి. మేజోడు లాగాయి. ఎడమ బూటు తాడు ముడి పడిపోయి ఉంటే గోటితో పీకి పీకి విప్పాయి. ఈరప్ప రెండు బూట్లనూ డివైడరు పక్కన జతగా పెట్టి, ఉత్త పాదాలతో కల్లంలో అడుగుపెట్టాడు. వంగి పిడికెడు ఉలవ కట్టె తీసి అరచేతుల్లో నలిపాడు, పొట్టు ఊదాడు, గింజలు చూశాడు.

"పంట చలో ఉండాది అవ్వా, శానా బాగుండాది," అన్నాడు. "మా దిక్కు ఈసారి వానే లేదు. బీజానికి పెట్టిన దుడ్లు కూడా రాలేదు." గింజలను మళ్ళీ కల్లంలోనే వదిలాడు. "నేను పొయ్యను సార్. ఉద్యోగం తీస్తే తియ్యండి."

శ్రీకాంత్ ఎవరికో ఫోన్ చేశాడు. అవతలివాళ్ళు ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. తర్వాత జులేఖా బీ వైపు తిరిగాడు.

"రాశి ఎప్పుడు కొలుస్తారు?"

"నూర్పు అయినాక."

"నూర్పు ఎప్పుడు అవుతుంది?"

"లారీలు తొక్కితే."

"లారీలు ఎప్పుడు తొక్కుతాయి?"

"సందు తెరిచి ఉంటే తొక్కుతాయప్పా."

శ్రీకాంత్ ఈ లెక్కను ఒకసారి మనసులో వేసుకున్నాడు. ఎటునుంచి వేసినా ఒకటే వస్తోంది.

"ఇది అయ్యాక?"

"కొర్రలు ఉండాయి," అంది కృపమణి. "తర్వాత ధనియాలు. మా చిన్నాయన పొద్దుతిరుగుడు వేసినాడు."

ఈరప్ప గొంతు సవరించుకున్నాడు. "సార్, ఇంకా ఆలస్యమైతే మాలు పీపాలోనే గడ్డ కడతాది. పీపా పగలగొట్టి తీయల్ల. యాడో ఒకచోట పొయ్యల్ల."

అందరూ చుట్టూ చూశారు. జులేఖా బీ చూడలేదు. ఆమె గడ్డంతో చూపించింది. ఎర్రమిట్టలో గడ్డంతో చూపించేది ఒక్క డాబానే కాదని ఆరోజు తెలిసింది.

మోరీ మీది గుంత.

శ్రీకాంత్ గుంతను చూశాడు, తిరుగుతున్న పీపాను చూశాడు. తన జీపు మొన్న అక్కడ మూలిగిన మూలుగు గుర్తొచ్చిందో ఏమో, తల ఊపాడు. తల ఊపాక తన బూట్ల వైపు చూసుకున్నాడు. కల్లం అంచు మీద ఉన్న ఒక బూటును మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

ఈరప్ప ఉత్తపాదాలతోనే లారీ ఎక్కి వెనక్కి తిప్పాడు. కూలీలు పీపా కింది తొట్టి గుంత వైపు వంచారు. బూడిదరంగు కాంక్రీటు బుడబుడమంటూ జారింది. మొదటి గంపెడు గుంతలోకి పడగానే, రోడ్డు కిందినుంచి మనిషి అరుపు వినిపించింది.

"ఆపండి. ఆపండప్పా. మనిషి ఉండాడు."

తొట్టి పైకెత్తారు. ఊరంతా మోరీ చివరకు పరుగెత్తింది. అందులోంచి ముందు ఒక చెయ్యి, తర్వాత ఒక తల వచ్చాయి. తల మీద, చెవుల్లో, కనుబొమ్మల మీద కాంక్రీటు. ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలికి లేదు.

అది ఫారూఖ్.

అవును, లారీ ముందర చేతులు చాపి కొండలా నిలబడ్డాడని పైన చెప్పాను. చెప్పింది నేనే. నిలబడాలని నిజంగానే అనుకున్నాను. లారీ చప్పుడు వినబడేదాకా నిలబడే ఉన్నాను కూడా. దాని వెనక జీపు కనబడగానే స్టేషను గుర్తొచ్చింది, కాళ్ళు వాటంతట అవే మోరీలోకి తీసుకుపోయాయి. అక్కడినుంచి రోడ్డు మీద మనుషుల కాళ్ళు తప్ప ఇంకేం కనబడవు. అందుకే నాకు ఆ రోజు బూట్లు, చెప్పులు, జేజి మడమలు తప్ప ఏమీ తెలియదు. మిగతాది విన్నది. ఇంతసేపూ ఫారూఖ్ ఫారూఖ్ అని పక్కింటివాడి సంగతిలా చెప్పుకొచ్చాను. ఫారూఖ్ నేనే.

జేజి నా కనుబొమ్మల మీది కాంక్రీటు కొంగుతో తుడిచింది. గట్టిపడకముందే తుడవాలని తెలిసిన మనిషిలా గట్టిగా తుడిచింది.

"ఎప్పటినుంచి ఉండావు?"

"లారీ వచ్చినప్పటి నుంచి."

"నువ్వు ముందర ఉండావనుకునే కదరా నేను అంత ధైర్యంగా మాట్లాడింది," అంది. అబద్ధమే. ఆమె నన్ను ఎప్పుడూ నమ్ముకోలేదు. కానీ ఊరి ముందర ఆ మాట అంది. దానికి నేను మోరీలో ఉన్నప్పటి కంటే చిన్నవాణ్ణయిపోయాను.

శ్రీకాంత్ సారు ముందర నిలబడ్డాను. తడి కాంక్రీటు మెడలోంచి వీపు మీదికి జారుతోంది.

"బండ నేను చెక్కింది సార్. ఊర్లో ఎవరికీ తెలీదు. వాళ్ళకు నాటకాలు రావు. నాటకం నా ఒక్కనిదే. నన్ను స్టేషన్‌కు తీసుకుపోండి, ఊరిని మాత్రం ఆ మాట అనొద్దండి."

అతను నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు.

"ఏనుగులు?"

"లేవు సార్."

"మామిడి టెంకలు?"

"అవి కూడా లేవు."

అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు కొంచెం అదిరాయి. నవ్వో ఏడుపో నాకు కనబడలేదు. తర్వాత కూలీలకు చెయ్యి ఊపాడు. తొట్టి మళ్ళీ వంగింది. గుంత నిండింది. ఎస్టిమేట్లో లేని గుంత అది.

సందు మూయమని పైనుంచి మళ్ళీ రెండుసార్లు మనుషులు వచ్చారు. ఒకసారి కొర్రలు పరిచి ఉన్నాయి, ఇంకోసారి ధనియాలు. డాబా కట్టడం పూర్తయింది, యూటర్న్ కూడా ఇచ్చారు. మాది మాత్రం తెరిచే ఉంది. రేపు ఏమవుతుందో తెలియదు. ఈరోజుకు జేజి పాల క్యానుతో సందులోంచే పోయింది.

పంగల కర్ర ఇప్పుడు నాది. కృపమ్మత్త శిక్ష వేసింది. పొద్దుటి నుంచి సందులో నిలబడి, తమిళనాడు లారీ వచ్చినా కర్నాటక లారీ వచ్చినా ఎర్రగుడ్డ ఊపి మెల్లగా పోనిచ్చి, వెనక కట్టె తిరగేయడం నా పని. నా ఎడమ చెప్పు ఆ మోరీ కాంక్రీటులోనే ఉండిపోయింది. వార్ల దగ్గర కొంచెం పైకి కనబడుతుంది, దాని మీదనే బండ్లన్నీ ఊళ్ళోకి పోతాయి. కొత్త జత కొనుక్కోరా అని మామ రోజూ అంటాడు.

కల్లంలో నిలబడేవాడికి చెప్పులెందుకు మామా, అంటాను.